ఒకే యంత్రంపై రెండు గ్లాస్‌ఫిష్ డొమైన్లు: కమాండ్ లైన్ నుంచి నిర్వహించడం ఎలా?

ప్రశ్న

మా సంస్థలో ఒక లినక్స్ సర్వర్ మీద, జావా అప్లికేషన్లను నడిపే సర్వర్ సాఫ్ట్‌వేర్ ఎక్లిప్స్ గ్లాస్‌ఫిష్ 7 నడుస్తోంది. ఇంతకుముందు దీన్ని చూసుకున్నవారు పనులన్నీ బ్రౌజర్‌లో, 4848 పోర్ట్‌పై తెరుచుకునే అడ్మిన్ కన్సోల్ ద్వారానే చేసేవారు. ఇప్పుడు బాధ్యత నాకు వచ్చింది. ఆ పోర్ట్‌ను బయటి యంత్రాల నుంచి తెరవడానికి మా భద్రతా విభాగం ఇక ఒప్పుకోవడం లేదు కాబట్టి, ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి యంత్రంలోకి సురక్షితంగా లాగిన్ అయ్యే పద్ధతి) ద్వారా లోపలికి వెళ్లి, గ్లాస్‌ఫిష్ నిర్వహణ సాధనమైన ఏఎస్‌అడ్మిన్ కమాండ్లతోనే అంతా చేయాలి. జావా ప్రోగ్రామింగ్ నాకు అలవాటే కానీ, సర్వర్ నిర్వహణ కొత్త.

యంత్రంపై రెండు డొమైన్లు, అంటే సొంత సెట్టింగులతో విడివిడిగా నడిచే రెండు గ్లాస్‌ఫిష్ సర్వర్లు, ఉన్నాయి. డొమైన్1లో అసలు అప్లికేషన్ నడుస్తుంది. టెస్ట్ అనే రెండోదాన్ని పరీక్షల కోసం ఎవరో సృష్టించి వదిలేశారు. డొమైన్1 నడుస్తుండగా టెస్ట్‌ను ప్రారంభిస్తే, 4848 పోర్ట్‌ను ఇప్పటికే వేరే ప్రాసెస్ వాడుతోందని చెప్పి ఆగిపోతుంది. సృష్టించినప్పుడు రాని అభ్యంతరం ఇప్పుడెందుకు వస్తోందో అర్థం కాలేదు. ఇంకొక విచిత్రమేమిటంటే, స్టాప్-డొమైన్ కమాండ్ ఇస్తే నన్ను అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతోంది, కానీ డాక్యుమెంటేషన్‌లో మాత్రం అదే యంత్రం నుంచి ఆపేటప్పుడు సాధారణంగా పాస్‌వర్డ్ అవసరం లేదని ఉంది. రెండు డొమైన్లూ పక్కపక్కనే నడవాలంటే ఏం చేయాలి, నేనిచ్చే కమాండ్ ఏ డొమైన్‌కు వెళ్తోందో ఖచ్చితంగా తెలుసుకోవడం ఎలా అన్నది దయచేసి వివరించగలరు.

సమాధానం 1

మీ సందేహాలు వేర్వేరుగా కనిపిస్తున్నా వాటి మూలం ఒక్కటే. ఏఎస్‌అడ్మిన్ కమాండ్లలో రెండు జాతులున్నాయి. క్రియేట్-డొమైన్, స్టార్ట్-డొమైన్, లిస్ట్-డొమైన్స్, డిలీట్-డొమైన్, బ్యాకప్-డొమైన్ వంటివి స్థానిక కమాండ్లు. ఇవి నేరుగా డిస్క్ మీద ఉన్న డొమైన్ డైరెక్టరీని చదివి పని చేస్తాయి. డిప్లాయ్ (అప్లికేషన్‌ను సర్వర్‌లో నెలకొల్పేది), గెట్, సెట్, క్రియేట్-జేవీఎం-ఆప్షన్స్ వంటివి రిమోట్ కమాండ్లు. ఇవి అదే యంత్రం మీద ఇచ్చినా సరే, నడుస్తున్న డొమైన్ అడ్మినిస్ట్రేషన్ సర్వర్‌కు దాని అడ్మిన్ పోర్ట్ ద్వారా విన్నపం పంపి, ఆ సర్వర్ చేతే పని చేయిస్తాయి. మొదటి జాతి మన దగ్గరున్న తాళంచెవితో ఇంట్లోకి వెళ్లడం లాంటిది, రెండోది ఇంట్లో ఉన్నవారికి ఫోన్ చేసి పని చెప్పడం లాంటిది. ఇంట్లో ఎవరూ లేకపోతే ఫోన్ ఎంత మోగినా ప్రయోజనం ఉండదు. ఏ కమాండ్ ఏ జాతిదో తెలియకపోతే లిస్ట్-కమాండ్స్ అని ఇవ్వండి, స్థానికమైనవీ రిమోట్‌వీ విడివిడిగా చూపిస్తుంది.

ఇప్పుడు పోర్ట్‌ల సంగతి. డొమైన్ సృష్టించేటప్పుడు క్రియేట్-డొమైన్ కమాండ్ పోర్ట్‌లు ఖాళీగా ఉన్నాయో లేదో చూస్తుంది, నిజమే. కానీ అది చూసేది ఆ క్షణంలో ఆ పోర్ట్‌పై ఏదైనా ప్రాసెస్ వింటోందా అన్నది మాత్రమే. పక్క డొమైన్ ఫైళ్లలో ఏ పోర్ట్ రాసి ఉందో అది పట్టించుకోదు. కాబట్టి డొమైన్1 ఆగి ఉన్న సమయంలో ఎవరైనా టెస్ట్‌ను సృష్టిస్తే, 4848, 8080, 8181 అన్నీ ఖాళీగానే కనిపించి, రెండు డొమైన్లకూ అవే పోర్ట్‌లు రాసుకుపోతాయి. గొడవ బయటపడేది రెండింటినీ ఒకేసారి నడిపిన రోజునే. మీ దగ్గర జరిగింది దాదాపు ఇదే అయి ఉంటుంది.

టెస్ట్ డొమైన్‌లో విలువైనదేమీ లేకపోతే, దాన్ని మరమ్మతు చేయడం కంటే తొలగించి మళ్లీ సృష్టించడం మేలు:

ఏఎస్‌అడ్మిన్ డిలీట్-డొమైన్ టెస్ట్
ఏఎస్‌అడ్మిన్ క్రియేట్-డొమైన్ --పోర్ట్‌బేస్ 9000 టెస్ట్

పోర్ట్‌బేస్ ఆప్షన్ నాకు చాలా ఇష్టమైనది. మీరిచ్చిన సంఖ్యకు 48 కలిపితే అడ్మిన్ పోర్ట్, 80 కలిపితే హెచ్‌టీటీపీ, 81 కలిపితే హెచ్‌టీటీపీఎస్, 37 కలిపితే ఐఐఓపీ (దూరపు జావా ప్రోగ్రామ్‌లతో మాట్లాడేది), 76 కలిపితే జేఎంఎస్ (సందేశాల క్యూలది), 86 కలిపితే జేఎంఎక్స్ (పర్యవేక్షణది), 9 కలిపితే డీబగర్ పోర్ట్ వస్తాయి. అంటే టెస్ట్ కన్సోల్ 9048లో, అప్లికేషన్ 9080లో ఉంటాయి. మూడో డొమైన్ కావలసివస్తే 10000తో మొదలుపెట్టవచ్చు. ఈ ఆప్షన్‌తో కలిపి అడ్మిన్‌పోర్ట్, ఇన్‌స్టాన్స్‌పోర్ట్ ఆప్షన్లను ఇవ్వకూడదన్నది గుర్తుంచుకోండి.

మీ చివరి ప్రశ్నే అన్నిటికంటే ముఖ్యమైనదని నా అభిప్రాయం. రిమోట్ కమాండ్‌కు పోర్ట్ చెప్పకపోతే అది 4848కే వెళ్తుంది. అంటే టెస్ట్‌కు వెళ్తుందనుకుని మీరిచ్చిన డిప్లాయ్ కమాండ్ చడీచప్పుడు లేకుండా అసలు డొమైన్‌లో వాలుతుంది. అందువల్ల పోర్ట్‌ను ప్రతిసారీ స్పష్టంగా ఇవ్వండి. ఇది ఏఎస్‌అడ్మిన్‌కు చెందిన ఆప్షన్ కాబట్టి, సబ్‌కమాండ్ పేరు కంటే ముందు రావాలి:

ఏఎస్‌అడ్మిన్ --పోర్ట్ 9048 డిప్లాయ్ పద్దు.వార్

ఏఎస్_అడ్మిన్_పోర్ట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పోర్ట్ పెట్టుకునే సౌకర్యం కూడా ఉంది. అయితే అసలు డొమైన్ ఉన్న యంత్రంపై దాన్ని నేను సిఫారసు చేయను, ఎందుకంటే ఉదయం తెరిచిన షెల్‌లో ఏం పెట్టామో సాయంత్రానికి ఎవరికీ గుర్తుండదు.

సమాధానం 2

పోర్ట్‌ల గురించి పైన చెప్పినదానికి నేను చేర్చవలసింది లేదు. స్టాప్-డొమైన్ పాస్‌వర్డ్ అడగడానికి కారణం మాత్రం వేరే చోట ఉంది. డొమైన్ ప్రారంభమైన ప్రతిసారీ సర్వర్ తన కాన్ఫిగ్ డైరెక్టరీలో లోకల్-పాస్‌వర్డ్ అనే ఫైల్‌ను కొత్తగా రాసుకుంటుంది. దాన్ని చదివే అనుమతి సర్వర్‌ను ప్రారంభించిన యూజర్‌కు మాత్రమే ఉంటుంది. అదే యూజర్‌గా మీరు కమాండ్ ఇస్తే ఏఎస్‌అడ్మిన్ ఆ ఫైల్‌ను చదివి, మిమ్మల్నేమీ అడగకుండా పని కానిస్తుంది. వేరే యూజర్‌గా ఇస్తే చదవలేక పాస్‌వర్డ్ అడుగుతుంది. కాబట్టి మీ డొమైన్1ను ఎవరో రూట్‌గా (సర్వాధికారాలున్న యూజర్‌గా) ప్రారంభించారని, మీరు మామూలు యూజర్‌గా ఆపబోయారని నా ఊహ. పీఎస్ కమాండ్‌తో జావా ప్రాసెస్ ఎవరి పేర నడుస్తోందో చూస్తే తేలిపోతుంది.

ఊహ నిజమైతే దాన్ని ఇప్పుడే సరిచేయడం మంచిది, ఎందుకంటే చిక్కు పాస్‌వర్డ్‌తో ఆగదు. ఒకసారి రూట్‌గా ప్రారంభిస్తే లాగ్ ఫైళ్లు, ఓఎస్‌జీఐ కాష్ (సర్వర్ మాడ్యూళ్ల తాత్కాలిక నిల్వ), జెనరేటెడ్ డైరెక్టరీలోని ఫైళ్లు రూట్ సొంతమైపోతాయి. ఆ తర్వాత మామూలు యూజర్‌గా ప్రారంభించినప్పుడు అనుమతి లేదన్న లోపాలు ఒక్కొక్కటిగా వస్తాయి. గ్లాస్‌ఫిష్ కోసం ప్రత్యేకంగా ఒక యూజర్‌ను సృష్టించి, డొమైన్‌ను చివరిసారిగా రూట్‌గా ఆపి, డొమైన్ల డైరెక్టరీ మొత్తాన్నీ ఫైళ్ల యజమానిని మార్చే చౌన్ కమాండ్‌తో ఆ యూజర్‌కు అప్పగించి, ఇకపై అన్ని కమాండ్లూ ఆ యూజర్‌గానే ఇవ్వండి. 80, 443 పోర్ట్‌లపై వినాలి కాబట్టి రూట్ తప్పదని కొందరు వాదిస్తారు. గ్లాస్‌ఫిష్‌కు ముందు ఎన్‌జింక్స్ గానీ అపాచీ గానీ వెబ్ సర్వర్‌గా పెట్టి, అక్కడి నుంచి 8080కి మళ్లించడమే శుభ్రమైన పద్ధతి.

ఆపడం గురించి ఇంకొక మాట. స్టాప్-డొమైన్‌లో ఫోర్స్ ఆప్షన్ ముందుగానే ట్రూగా ఉంటుంది, అంటే సర్వర్ తనలో నడుస్తున్న థ్రెడ్లన్నీ పూర్తయ్యేదాకా ఆగదు. దీర్ఘంగా నడిచే లెక్కల పనులు ఉన్న అప్లికేషన్ అయితే --ఫోర్స్=ఫాల్స్ అని ఇచ్చి చూడండి. దీనికి పూర్తిగా విరుద్ధమైన సందర్భం సర్వర్ బిగుసుకుపోయి ఏ విన్నపానికీ బదులివ్వకపోవడం; అప్పుడు --కిల్=ట్రూ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ సాయంతో ప్రాసెస్‌నే చంపేస్తుంది. కిల్ -9 చేత్తో కొట్టేవారిని చాలామందిని చూశాను. రెండు డొమైన్లున్న యంత్రంపై రెండూ జావా పేరుతోనే కనిపిస్తాయి కాబట్టి, పొరపాటున పక్కదాన్ని చంపే ప్రమాదం ఈ ఆప్షన్‌తో తప్పుతుంది.

యంత్రం రీబూట్ అయినప్పుడు డొమైన్లు వాటంతటవే లేవాలంటే క్రియేట్-సర్వీస్ అనే కమాండ్ ఉంది కానీ, లినక్స్‌పై అది పాత ఇనిట్.డి పద్ధతిలో స్క్రిప్ట్ రాస్తుంది. ఈ రోజుల్లో లినక్స్‌లో సర్వీసులను ప్రారంభించి చూసుకునే సిస్టమ్‌డీకి యూనిట్ (సర్వీసు వివరాల ఫైల్) మనమే రాసుకోవడం తేలిక: ఒక్కో డొమైన్‌కు ఒక యూనిట్, టైప్ ఫోర్కింగ్, యూజర్‌గా గ్లాస్‌ఫిష్ యూజర్, ప్రారంభానికి స్టార్ట్-డొమైన్, ఆపడానికి స్టాప్-డొమైన్. ఇక్కడ చాలామంది విస్మరించేది సమయపరిమితి. సిస్టమ్‌డీ మామూలుగా 90 సెకన్లు వేచి చూసి, అప్పటికి స్టార్ట్-డొమైన్ తిరిగి రాకపోతే విఫలమైందని నిర్ణయించి ప్రాసెస్‌ను చంపేస్తుంది. పెద్ద అప్లికేషన్లు డిప్లాయ్ కావడానికి అంతకంటే ఎక్కువ సమయం పట్టవచ్చు కాబట్టి, టైమౌట్‌స్టార్ట్‌సెక్ విలువను 300 చేయండి. యూనిట్ రాసుకున్న తర్వాత రీస్టార్ట్-డొమైన్ వాడకండి. సిస్టమ్‌సీటీఎల్ ద్వారానే రీస్టార్ట్ చేయండి, లేకపోతే సిస్టమ్‌డీకి తెలిసిన ప్రాసెస్ ఒకటి, నిజంగా నడుస్తున్నది మరొకటి అవుతుంది.

ప్రశ్నించినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. ప్రాసెస్ రూట్ పేరనే నడుస్తోంది, డొమైన్ల సెట్టింగులు ఉండే రెండు డొమైన్.ఎక్స్ఎంఎల్ ఫైళ్లలోనూ 4848 రాసి ఉంది. అయితే టెస్ట్ డొమైన్‌ను తొలగించడానికి వీలు లేదు. దానిలో డేటాబేస్ కనెక్షన్ పూల్స్, జేఎంఎస్ క్యూలు చాలా ఉన్నాయని, వాటిని ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదని మా బృందం చెబుతోంది. తొలగించకుండా పోర్ట్‌లు మార్చే దారి ఉందా?

దీనితోపాటు రెండు విషయాలు తెలుసుకోవాలి. రాత్రిపూట నడిచే డిప్లాయ్ స్క్రిప్ట్‌లో అడ్మిన్ పాస్‌వర్డ్ నేరుగా రాసి ఉంది, దాన్ని ఎలా తప్పించాలి? ఇక అసలు డొమైన్‌కు మెమరీ చాలడం లేదు, లాగ్‌లో ఔట్‌ఆఫ్‌మెమరీ లోపాలు కనిపిస్తున్నాయి. కమాండ్ లైన్ నుంచి పెంచడం ఎలా?

సమాధానం 3

తొలగించి మళ్లీ సృష్టించమన్న సలహాతో నేను మొదటి నుంచీ ఏకీభవించలేదు. ఎవరో వదిలేసిన డొమైన్‌లో ఏముందో పూర్తిగా తెలిసేదాకా దాన్ని ముట్టుకోకపోవడమే క్షేమం. ఏం చేసినా ముందు బ్యాకప్ తీసుకోండి:

ఏఎస్‌అడ్మిన్ బ్యాకప్-డొమైన్ --బ్యాకప్‌డిర్ /వర్/బ్యాకప్స్/గ్లాస్‌ఫిష్ టెస్ట్

ఈ కమాండ్‌కు డొమైన్ ఆగి ఉండాలి. బ్యాకప్‌డిర్ ఇవ్వకపోతే ఫైల్ ఆ డొమైన్ డైరెక్టరీలోనే బ్యాకప్స్ అనే ఉపడైరెక్టరీలో చేరుతుంది, డిలీట్-డొమైన్ ఆ డైరెక్టరీ మొత్తాన్నీ తుడిచేస్తుంది కాబట్టి డొమైన్‌తోపాటే బ్యాకప్పూ పోతుంది. బ్యాకప్ అంటే ఏదో సురక్షిత స్థానంలో ఉందనుకునేవారికి ఇది చేదు విషయమే. రిస్టోర్-డొమైన్ కూడా ఆగి ఉన్న డొమైన్ మీదే పని చేస్తుంది. ఫైల్ పేరు ఇవ్వకపోతే అన్నిటికంటే తాజా బ్యాకప్‌ను తీసుకుంటుంది. డేటాబేస్‌లోని సమాచారం ఇందులో ఉండదని వేరే చెప్పనక్కర్లేదు.

పోర్ట్‌లు మార్చడానికి రెండు దారులున్నాయి. ఒకటి, రాత్రి వేళ డొమైన్1ను కాసేపు ఆపి, టెస్ట్‌ను ఒంటరిగా ప్రారంభించి, సెట్ కమాండ్‌తో ఒక్కో లిజనర్ (పోర్ట్‌పై విన్నపాల కోసం వినే భాగం) పోర్ట్‌ను మార్చడం. ముందు గెట్ కమాండ్‌కు కోట్స్ మధ్య నక్షత్రం గుర్తు ఇచ్చి, వచ్చిన ఫలితాన్ని వరుసలను వెతికే గ్రెప్ కమాండ్‌తో పోర్ట్ అన్న మాటకు వడపోస్తే, మార్చవలసిన సెట్టింగుల పేర్లన్నీ (చుక్కలతో విడదీసిన పేర్లు) ఒకచోట కనిపిస్తాయి. హెచ్‌టీటీపీ లిజనర్లను మాత్రమే మార్చి ఊరుకోవద్దు. ఐఐఓపీ 3700, 3820, 3920, జేఎంఎస్ 7676, జేఎంఎక్స్ 8686 కూడా మారాలి. రెండో దారి, టెస్ట్ ఆగి ఉండగానే డొమైన్.ఎక్స్ఎంఎల్‌ను ఎడిటర్‌లో తెరిచి సర్వర్-కాన్ఫిగ్ భాగంలోని ఆ సంఖ్యలను మార్చి, వెరిఫై-డొమైన్-ఎక్స్ఎంఎల్ కమాండ్‌తో సరిచూడటం. పుస్తకాల ప్రకారం మొదటిదే సరైన పద్ధతి; కానీ అసలు అప్లికేషన్‌ను ఆపడానికి మీకు అనుమతి దొరకకపోతే రెండోదే దారి. డొమైన్ నడుస్తున్నప్పుడు మాత్రం ఆ ఫైల్‌ను చేత్తో ముట్టుకోకండి, ఎందుకంటే సర్వర్ తన మెమరీలో ఉన్న కాన్ఫిగరేషన్‌ను మళ్లీ రాసినప్పుడు మీ మార్పు మాయమవుతుంది.

సమాధానం 4 (మొదటి సమాధానం ఇచ్చినవారు)

అంగీకరిస్తున్నాను, విలువైనదేమీ లేకపోతే అన్న షరతుతోనే తొలగించమన్నాను, ఇప్పుడు ఆ షరతు వర్తించదు. మిగిలిన రెండు ప్రశ్నలకు సమాధానం రాస్తాను.

పాస్‌వర్డ్‌ను స్క్రిప్ట్ నుంచి తీసి ఒక విడి ఫైల్‌లో, ఏఎస్_అడ్మిన్_పాస్‌వర్డ్= అన్న వరుసగా రాసి, దాని అనుమతులను 600కు కుదించి, ఆ ఫైల్‌ను ఏఎస్‌అడ్మిన్‌కు పాస్‌వర్డ్‌ఫైల్ ఆప్షన్‌గా ఇవ్వండి; ఇదీ సబ్‌కమాండ్‌కు ముందే రావాలి. ఫైల్ ఇంకా సాదా అక్షరాల్లోనే ఉందని మీరు అనవచ్చు, అది నిజమే. కానీ స్క్రిప్ట్‌ను నలుగురూ చూస్తారు, గిట్‌లో పెడతారు, ఈ ఫైల్ మాత్రం ఒక్క యూజర్‌కే కనిపిస్తుంది. చేత్తో కమాండ్లు ఇచ్చేటప్పుడు లాగిన్ అనే సబ్‌కమాండ్ ఇంకా సౌకర్యం. అది యంత్రం పేరు, పోర్ట్ జతకు విడివిడిగా వివరాలను మీ హోమ్ డైరెక్టరీలో దాచుకుంటుంది కాబట్టి రెండు డొమైన్ల పాస్‌వర్డ్‌లు కలవవు. కనెక్షన్ పూల్స్‌లో డేటాబేస్ పాస్‌వర్డ్‌లు నేరుగా రాసి ఉంటే, పనిలో పనిగా క్రియేట్-పాస్‌వర్డ్-ఎలియాస్‌తో వాటికి మారుపేర్లు పెట్టండి, అప్పుడు డొమైన్.ఎక్స్ఎంఎల్‌లో మారుపేరు మాత్రమే ఉంటుంది, అసలు పాస్‌వర్డ్ డొమైన్-పాస్‌వర్డ్స్ ఫైల్‌లో గుప్తరూపంలో ఉంటుంది. ఆ గుప్తలిపికి తాళం మాస్టర్ పాస్‌వర్డ్. ఎవరూ మార్చకపోతే అది లోకానికంతటికీ తెలిసిన చేంజ్‌ఇట్. దాన్ని మార్చాలంటే డొమైన్‌ను ఆపి చేంజ్-మాస్టర్-పాస్‌వర్డ్ ఇవ్వాలి.

మెమరీ సంగతికి వస్తే, కొత్త డొమైన్‌లో గరిష్ఠ హీప్ (జావా ప్రోగ్రామ్ వాడుకునే మెమరీ) 512 మెగాబైట్లుగా రాసి ఉంటుంది. పెద్ద అప్లికేషన్‌కు అది చాలదు. పాత ఆప్షన్‌ను తొలగించి కొత్తది చేర్చాలి:

ఏఎస్‌అడ్మిన్ --పోర్ట్ 4848 డిలీట్-జేవీఎం-ఆప్షన్స్ -ఎక్స్ఎంఎక్స్512ఎం
ఏఎస్‌అడ్మిన్ --పోర్ట్ 4848 క్రియేట్-జేవీఎం-ఆప్షన్స్ -ఎక్స్ఎంఎక్స్2జీ

మెటాస్పేస్ (క్లాసుల సమాచారానికి కేటాయించే మెమరీ) వంటి ఆప్షన్లలో కోలన్ గుర్తు ఉంటుంది. ఏఎస్‌అడ్మిన్ కోలన్‌ను రెండు ఆప్షన్ల మధ్య విభజనగా తీసుకుంటుంది కాబట్టి, దాని ముందు బ్యాక్‌స్లాష్ పెట్టి, మొత్తాన్నీ కోట్స్‌లో ఇవ్వాలి. లేకపోతే ఒక ఆప్షన్ రెండు ముక్కలై చేరుతుంది. మార్పు రీస్టార్ట్ తర్వాతే అమల్లోకి వస్తుంది.

ఇక్కడే రెండు జాతుల కమాండ్ల తేడా నొప్పి పెడుతుంది. తప్పు ఆప్షన్ చేరితే రీస్టార్ట్‌లో జేవీఎం (సర్వర్‌ను నడిపే జావా ప్రాసెస్) లేవదు. జేవీఎం లేవకపోతే, ఆ తప్పును తీసేయవలసిన డిలీట్-జేవీఎం-ఆప్షన్స్ కూడా పని చేయదు, ఎందుకంటే అది రిమోట్ కమాండ్. అప్పుడు చేత్తో డొమైన్.ఎక్స్ఎంఎల్‌లోని ఆ వరుసను తీసేయడమో, పక్కనే ఉండే డొమైన్.ఎక్స్ఎంఎల్.బ్యాక్ అనే ముందటి ప్రతిని దాని స్థానంలో పెట్టడమో తప్ప మార్గం లేదు. కాబట్టి ఆప్షన్లను మార్చే ముందు ఆ ఒక్క ఫైల్‌ను వేరే చోటికి కాపీ చేసుకోండి, ముందుగా టెస్ట్ డొమైన్‌లో అదే మార్పు చేసి లేస్తుందో లేదో చూడండి. జేవీఎం ఎందుకు లేవలేదో సర్వర్.లాగ్‌లో కనిపించకపోతే, స్టార్ట్-డొమైన్‌కు --వెర్బోస్ చేర్చి ఇవ్వండి. జావా చెప్పే మాట నేరుగా తెరపైకే వస్తుంది.

ప్రశ్నించినవారు

టెస్ట్ డొమైన్ ఫైల్‌ను చేత్తో మార్చి ప్రారంభించాను. ఇప్పుడు రెండూ నడుస్తున్నాయి. ఒక్కటి మిగిలింది. లిస్ట్-డొమైన్స్ ఇస్తే రెండూ కనిపిస్తున్నాయి కానీ, డేటా డిస్క్ మీద మూడో డొమైన్ డైరెక్టరీ ఒకటి ఉందని ఈరోజే తెలిసింది. అది జాబితాలో ఎందుకు రావడం లేదు?

సమాధానం 2 ఇచ్చినవారు

లిస్ట్-డొమైన్స్ స్థానిక కమాండ్ కాబట్టి, అది ఒక్క డైరెక్టరీలోనే వెతుకుతుంది: ఇన్‌స్టాలేషన్ కింద ఉన్న డొమైన్స్ డైరెక్టరీ, లేదా ఏఎస్ఈఎన్‌వీ.కాన్ఫ్ ఫైల్‌లో ఏఎస్_డెఫ్_డొమైన్స్_పాత్‌కు ఇచ్చిన విలువ. వేరే చోట ఉన్నదానికి --డొమైన్‌డిర్ ఇచ్చి అడగాలి, స్టార్ట్, స్టాప్, బ్యాకప్ కమాండ్లకు కూడా ప్రతిసారీ అదే ఇవ్వాలి. దాన్ని ప్రారంభించే ముందు మాత్రం దాని డొమైన్.ఎక్స్ఎంఎల్‌లో అడ్మిన్-లిజనర్ పోర్ట్ ఎంతో ఒకసారి గ్రెప్ చేసి చూడండి. అక్కడ కూడా 4848 ఉండే అవకాశం తక్కువేమీ కాదు.